ముల్లు ఆగిన చోటు

రిపేరుకొచ్చిన రేడియోకు అందరూ ముందు వెనక అట్ట విప్పుతారు. నేను ముందు డయల్ అద్దం మీద ముల్లు ఎక్కడుందో చూసేవాణ్ణి. సెట్టు ఏ స్టేషన్ మీదుండగా నోరు మూసుకుందో, ఆ ఇంట్లో అంతవరకూ విన్నది అదే. అడిగితే జనం పెద్దమనిషి జవాబులు చెబుతారు. వార్తలు వింటామంటారు, కచేరీలు వింటామంటారు. ముల్లు మాత్రం రేడియో సిలోన్ మీదుంటుంది. శ్రోతలు ఏం వింటున్నారో కనుక్కోవడానికి ఆకాశవాణిలో ఒక విభాగమే ఉండేది, కాగితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అడిగేవాళ్ళు. నాంపల్లి గల్లీలో కూర్చున్న మాకు ఆ అవసరం పడలేదు.

1960ల నడుమ, మీసాలు సరిగా రాని వయసులో, ఉస్తాద్ దగ్గర పనికి కుదిరాను. నాంపల్లి స్టేషన్ రోడ్డు మీంచి అబిడ్స్ వైపు తిరిగే ఒక గల్లీలో దుకాణం. దుకాణమంటే ఉస్తాద్ కూర్చునే బల్ల, నా స్టూలు, మూడు గోడలకూ అరల్లో కడుపులు విప్పిన మర్ఫీలు, ఫిలిప్సులు, బుష్షులు. ఉస్తాద్ నిజాం కాలంలోనే పని నేర్చినవాడు. నాతో ఉర్దూలో మాట్లాడేవాడు, తెలుగు గిరాకీలు వస్తే నన్ను ముందుకు తోసేవాడు. ఆయన నాకు మొదట నేర్పింది సోల్డరింగ్ కాదు, డయల్ దారం కట్టడం.

నాబ్ తిప్పితే లోపల ఒక సన్నటి దారం కదులుతుంది. నాబ్ ఇరుసుకు రెండు మూడు చుట్లు చుట్టుకుని, చిన్న గిలకల మీదుగా పోయి, గ్యాంగ్ కండెన్సర్‌కు బిగించిన పెద్ద చక్రం చుట్టూ తిరిగి వస్తుంది. ఒక స్ప్రింగు దాన్ని బిగువుగా పట్టి ఉంచుతుంది. ముల్లును ఆ దారానికే తగిలిస్తారు. చుట్టు ఒకటి తగ్గితే దారం జారుతుంది, నాబ్ తిరుగుతుంది గానీ ముల్లు కదలదు. ఒకటి ఎక్కువైతే చుట్టు మీదికి చుట్టెక్కి నాబ్ బిగుసుకుపోతుంది. అందుకని ముల్లు ఉన్న చోటు గుర్తు పెట్టుకున్నాక, నాబ్‌ను అటూ ఇటూ తిప్పి దారం జారడం లేదని చూసుకోవాలి. జారే సెట్టు సాక్ష్యం చెల్లదు. ఇది ఉస్తాద్ పెట్టిన నియమం.

ఆయనకు అన్ని స్టేషన్లూ ఒక ఎత్తు, 411 మీటర్లు ఒక ఎత్తు. అది దక్కన్ రేడియో అంకె, కిలోసైకిళ్ళలో అయితే 730. ఆ రేడియో పుట్టింది మా దుకాణానికి కూతవేటు దూరంలో, అబిడ్స్ చిరాగలీ గల్లీలో. ఆ గల్లీకి పేరిచ్చిన మౌల్వీ చిరాగ్ అలీ నిజాం కొలువులో పెద్ద ఉద్యోగి, సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ వర్గానికి చెందిన పండితుడు. 1895లోనే పోయాడు కాబట్టి రేడియో గురించి ఆయనకేమీ తెలియదు. పోస్టల్ శాఖలో పనిచేసే మహబూబ్ అలీ అనే అధికారి 1930ల మొదట్లో ఆ గల్లీలో 200 వాట్ల ట్రాన్స్‌మిటర్ పెట్టి ప్రసారాలు మొదలుపెట్టాడు. 200 వాట్లంటే మన ఇంట్లో మూడు సీలింగు ఫ్యాన్లు తినే కరెంటు. ఊరు దాటడం కూడా కష్టమే. వినడానికి సెట్లున్నది ఎవరికి? నవాబులకు, పెద్ద వకీళ్ళకు, ఒకరిద్దరు డాక్టర్లకు, తర్వాత తర్వాత హోటళ్ళకు. 1935 ఫిబ్రవరి 3 నుంచి ఆ స్టేషన్ నిజాం ప్రభుత్వం చేతిలోకి వచ్చింది. మొదలుపెట్టింది ఒక మనిషి సరదా అయితే, నడిపింది సర్కారు ఖజానా.

అలా కావడం హైదరాబాదు ఒక్కదాని కథే కాదు. బ్రిటిష్ ఇండియాలో 1927 జూలైలో బొంబాయిలో ప్రసారాలు మొదలుపెట్టిన ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ మూడేళ్ళు తిరక్కుండానే చేతులెత్తేసింది. దాని రాబడి ముఖ్యంగా లైసెన్సు రుసుం మీద నడవాలి. ఏడాదికి పది రూపాయలు. లైసెన్సు తీసుకున్నవాళ్ళు తక్కువ, తీసుకోకుండా విన్నవాళ్ళు ఎందరో ఎవరికీ తెలియదు. కంపెనీ మూతపడితే జనం గోల చేశారు, సర్కారు తీసుకోక తప్పలేదు. అంటే రిజిస్టరులో శ్రోతలు లేరు, గోల చేయడానికి మాత్రం ఉన్నారు. ఈ తిరకాసు ఆనాటి నుంచి ఈనాటి దాకా రేడియోను వదల్లేదని నా అభిప్రాయం. లెక్కలో కనపడే శ్రోత వేరు, వినే శ్రోత వేరు.

1930ల చివర్లో సరూర్‌నగర్‌లో ఐదు కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్ లేచింది. చిరాగలీ గల్లీ బలానికి పాతిక రెట్లు. అప్పుడు దక్కన్ రేడియో నిజంగా సంస్థానానికంతటికీ రేడియో అయింది. పెద్ద పీట ఉర్దూది. తెలుగు, మరాఠీ, కన్నడాలకు వాటి వాటి గంటలు. సంస్థానం జనాభాలో దాదాపు సగం తెలుగువాళ్ళే అయినా, రేడియోలో తెలుగు అతిథిలాగే వచ్చి పోయేది. మద్రాసులో కూడా అంతే. 1938 జూన్‌లో మొదలైన మద్రాసు కేంద్రంలో తెలుగు, తమిళం పక్కన సర్దుకుని కూర్చుంది. తెలుగు తానే ఇంటి యజమాని అయిన కేంద్రం విజయవాడది, 1948 డిసెంబర్ 1న వచ్చింది. అంతవరకూ తెలుగువాడు ఒకరి ఇంటి వసారాలో నిలబడి రేడియో విన్నాడు.

వసారా అన్నది ఊరికే అనలేదు. ఉస్తాద్ చెప్పిన దక్కన్ రేడియో కథలన్నీ రోడ్డు మీది కథలే. ఇరానీ హోటలువాడు ఒక సెట్టు కొని గల్లాపెట్టె పక్కన ఎత్తుగా పెడతాడు. లోపల చాయ్ తాగేవాడు వింటాడు. చాయ్‌కి డబ్బులు లేనివాడు బయట అరుగు మీద కూర్చుని వింటాడు. టాంగావాలా గుర్రాన్ని పక్కకు తీసి వింటాడు. సాయంత్రం గజల్ వచ్చే వేళకు అబిడ్స్‌లో కొన్ని హోటళ్ళ ముందు దారి దొరికేది కాదట. లైసెన్సు పుస్తకంలో మాత్రం ఆ మంది మొత్తం ఒక్క సెట్టు.

ఆ అరుగులు అన్నిటికంటే ఎక్కువ నిండింది 1948 సెప్టెంబర్ 17న. నాలుగు రోజుల ముందు భారత సైన్యం సంస్థానంలోకి ప్రవేశించింది. రోజంతా పుకార్లు. ఆ రోజు నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ స్వయంగా దక్కన్ రేడియో మైకు ముందుకు వచ్చాడు. అంతకుముందు ఆయన ఆ స్టేషన్ గడప తొక్కలేదంటారు. ఏడో నిజాం పేరు మీద నడిచిన రేడియోలో, ఏడో నిజాం గొంతు జనం విన్నది రాజ్యం చేయి జారిన రోజున. అప్పుడు ఉస్తాద్ కుర్రవాడు. హోటల్ ముందు జనంలో నిలబడి విన్నానని, సెట్టు ఆగాక కూడా ఎవరూ కదల్లేదని, హోటలువాడు మాత్రం గిన్నెలు కడుక్కోవడం మొదలుపెట్టాడని చెప్పేవాడు. అక్కడితో ఆపేసేవాడు. ఆ రోజు గురించి ఇంకేం అడిగినా సోల్డర్ తీగ అందుకోమనేవాడు.

1950 ఏప్రిల్ 1న దక్కన్ రేడియో భారత ప్రభుత్వం చేతికి వెళ్ళింది. పేరు మారింది, అంకె మారలేదు. డయల్ అద్దం మీద ముల్లు అక్కడే ఉంది.

ముల్లు కదిలింది మరో రెండేళ్ళకు. 1952లో సమాచార, ప్రసార శాఖ మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్‌కు సినిమా పాటలంటే గిట్టదు. శాస్త్రీయ సంగీతంతో దేశం చెవులను శుద్ధి చేద్దామనుకున్నాడు. ఆకాశవాణి నుంచి సినిమా పాటలు దాదాపు మాయమయ్యాయి. అదే సమయానికి కొలంబోలో రేడియో సిలోన్ షార్ట్‌వేవ్ మీద తలుపులు బార్లా తెరిచి కూర్చుంది. బుధవారం రాత్రుల్లో బినాకా గీత్‌మాలా, అమీన్ సయానీ గొంతు. ఆ తర్వాత తెలుగు పాటలు, మీనాక్షి పొన్నుదురై గొంతు. నేను పనిలో చేరేనాటికి కేస్కర్ వెళ్ళిపోయాడు, పాటలూ తిరిగొచ్చాయి. అయినా బుధవారం రాత్రి దాటాక గురువారం పొద్దున వచ్చే సెట్లలో బ్యాండ్ స్విచ్ షార్ట్‌వేవ్ వైపే ఉండేది. జనం చెవిని బలవంతంగా తిప్పాలని చూస్తే ఏమవుతుందో నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు, ఆ స్విచ్చి మీద చూశాను. కొన్ని సెట్లలో మీడియం వేవ్ వైపు స్విచ్చి కాంటాక్టులు నల్లబడి, షార్ట్‌వేవ్ వైపువి వాడి వాడి మెరుస్తూ ఉండేవి.

ఈ దెబ్బకు సర్కారు ఇచ్చిన జవాబు వివిధ భారతి. 1957 అక్టోబర్ 3న మొదలైంది. ఆలస్యమైనా తెలివైన జవాబు. అయితే హైదరాబాదులో ముల్లును సిలోన్ మీంచి వెనక్కి తెచ్చింది వివిధ భారతి ఒక్కటే కాదు. మాట కూడా తెచ్చింది.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక సైఫాబాదులోని ఆకాశవాణి కేంద్రానికి చేరిన మనుషుల పేర్లు వింటే, అది ఆఫీసా, అవధానమా అనిపిస్తుంది. స్థానం నరసింహారావు నాటకాలు చూసేవాడు. రంగస్థలం మీద చీర కట్టి సత్యభామగా ఊళ్ళు ఊపిన మనిషి, కనపడని నాటకానికి గొంతులు దిద్దాడు. దాశరథి కృష్ణమాచార్య కొంతకాలం ప్రయోక్త. నిజాం జైల్లో కూర్చుని నిజాంను తిట్టిన కవి, నిజాం సర్కారు నడిపిన రేడియోలో ఉద్యోగం చేశాడు! గోపీచంద్, దేవులపల్లి కృష్ణశాస్త్రి వచ్చారు. 1959లో రావూరి భరద్వాజ చేరాడు. పెద్ద చదువు లేదు, ప్రెస్సుల్లో, చిల్లర పనుల్లో బతికి వచ్చినవాడు, తర్వాత జ్ఞానపీఠం అందుకున్నాడు. వింజమూరి సీతాదేవి జానపదాలు మైకు ముందుకు తెచ్చింది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసు నుంచి వచ్చి ఇక్కడ కూడా అందరికీ రేడియో అన్నయ్య, అక్కయ్య అయ్యారు. వాళ్ళ తర్వాత తురగా జానకీరాణి పిల్లల కార్యక్రమాలు అందుకుంది.

వీళ్ళలో చాలామందిని నేను రోడ్డు మీద చూశాను. కార్యక్రమాలివ్వడానికి పల్లెల నుంచి వచ్చే కళాకారులు కూడా నాంపల్లి స్టేషన్లో దిగి, హార్మోనియం పెట్టె రిక్షాలో పెట్టుకుని, పబ్లిక్ గార్డెన్ పక్కనుంచి సైఫాబాదుకు పోయేవాళ్ళు. కొందరు వచ్చేటప్పుడే మా దగ్గర ఆగి, ఊళ్ళో రిపేరు కాని సెట్టు పడేసి, రికార్డింగు అయ్యాక తీసుకుపోయేవాళ్ళు. తమ కార్యక్రమం తమ సెట్లో వినాలి కదా.

నాటకాల సంగతి చెప్పాలి. మల్లేపల్లి నుంచి ఒక ఆమె ఉండేది, బీడీలు చుట్టేది. పాత ఫిలిప్స్ సెట్టును గోనెసంచిలో వేసుకుని తెచ్చింది.

"తమ్మీ, జెర జల్ది చెయ్యి. రాత్రికి నాటకం ఉన్నది."

"ఏమైంది అక్కా?"

"గొంతొస్తలేదు. దూరంకెల్లి మాట్లాడినట్టు ఉన్నది."

అవుట్‌పుట్ వాల్వు ముసలిదైపోయింది. వాల్వు సెట్లలో అది మామూలే. లోపలి తీగ ఎర్రగానే కాలుతుంది, గొంతు మాత్రం రోజురోజుకూ సన్నబడుతుంది. కొత్త వాల్వు ధర చెబితే ఆమె సంచి మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఉస్తాద్ అరల్లో వెతికి, ఇంకో సెట్టులోంచి తీసిన సగం ప్రాణమున్న వాల్వు వేశాడు. బిల్లు రాయలేదు. ఆమె పోతూ పోతూ చెప్పింది, వాడకట్టోళ్ళందరూ ఆమె ఇంటి ముందరే కూర్చుంటారట, బీడీలు చుట్టుకుంటూ వింటారట. నాటకంలో శారదా శ్రీనివాసన్ ఏడిస్తే అందరూ ఏడుస్తారట. "పొగాకు తడుస్తది తమ్మీ" అన్నది నవ్వుతూ. ముల్లు చూశాను. 730.

ఆ ఒక్క సెట్టుకు ఎందరు శ్రోతలు? వాడకట్టు అంతా. లైసెన్సు ఉందా? నేను అడగలేదు. సంచిలో ఎందుకు తెచ్చిందో మాకు తెలుసు. అప్పట్లో రేడియో ఉంటే పోస్టాఫీసులో లైసెన్సు పుస్తకం తీసుకోవాలి, ఏటా అబిడ్స్ జీపీవో కిటికీ ముందు నిలబడి డబ్బు కట్టి స్టాంపు అంటించుకోవాలి. నేను చూసిన కాలంలో మామూలు సెట్టుకు పదిహేను రూపాయలు. దొంగచాటుగా వాడేవాళ్ళను పట్టుకోవడానికి ఇన్‌స్పెక్టర్లు తిరుగుతారని పుకారు. అందుకని మాకు సెట్లు పగలు సంచుల్లో, దుప్పట్లలో వచ్చేవి, కాన్పుకు మనిషిని తీసుకొచ్చినంత జాగ్రత్తగా. 1980ల నడుమకు వచ్చేసరికి సర్కారు ఆ లైసెన్సే ఎత్తేసింది. ఎత్తేసిన రోజు నుంచి దేశంలో ఎందరు రేడియో వింటున్నారో చెప్పే ఆ చిన్న లెక్క కూడా పోయింది. అది ఎలాగూ తప్పుడు లెక్కే కాబట్టి నాకు పెద్దగా బాధ కలగలేదు.

పారిశ్రామిక వాడల్లో పనిచేసే గిరాకీల సెట్లు సాయంత్రం కార్మికుల కార్యక్రమం మీద ఆగేవి. చిన్నక్కగా రతన్ ప్రసాద్ గొంతు వినపడితే లేత్ మిషన్ మీద మనిషి కూడా చేయి ఆపేవాడు. అందులో ఉన్నది ఏమిటి? పొదుపు చేయండి, పిల్లల్ని బడికి పంపండి, మిషన్ దగ్గర జాగ్రత్త. ఇవే మాటలు ఒక అధికారి ప్రసంగంగా చదివితే ముల్లు ఎటో పోయేది. చిన్నక్క పోట్లాడుతూ చెప్పింది కాబట్టి ఆగింది. ఉర్దూ గిరాకీలకు రాత్రి నైరంగ్ అనే ఉర్దూ కార్యక్రమం ఉండేది. ఉస్తాద్ ఆ సమయానికి దుకాణంలో చేతిలో ఏ పని ఉన్నా పక్కన పెట్టేసేవాడు. రాష్ట్రం మారినా, భాష కొలువు మారినా, దక్కన్ రేడియోలోంచి ఆయనకు మిగిలిన ముక్క అదే.

ఒక మాట మాత్రం దాచకుండా చెప్పాలి. రేడియో తెలుగు చాలాకాలం మా గల్లీ తెలుగు కాదు. జానపదాల్లో, నాటకాల్లో, వ్యవసాయ కార్యక్రమాల్లో మాండలికం అప్పుడప్పుడు దొర్లేది గానీ, మిగతా వేళల్లో మాట ఇస్త్రీ మడత నలగకుండా వచ్చేది. "రేడియోల మాట్లాడినట్టు మాట్లాడకు" అని మా వైపు ఇళ్ళల్లో అనేవాళ్ళు. అది మెచ్చుకోలు కాదు.

ట్రాన్సిస్టర్లు వచ్చి ఈ అరుగులను చెదరగొట్టాయి. సెట్టు చిన్నదైంది, చవకైంది, సెల్లు మీద నడిచింది, సైకిలు హ్యాండిలుకు వేలాడింది. ఒక సెట్టుకు ఇరవై మంది ఉన్న చోట ఇరవై సెట్లు వచ్చాయి. మాకు గిరాకీ పెరిగింది. నుమాయిష్ రోజుల్లో అయితే ఊపిరాడేది కాదు. జనవరిలో ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ నిండేది. ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు స్టాళ్ళలో ట్రాన్సిస్టర్లు బేరమాడి, కొనకుండా బయటికొచ్చి, మా దగ్గర లోకల్ సెట్టు కొనుక్కుని, తప్పిపోయిన పిల్లల పేర్లు మైకులో వినపడుతుంటే చంకలో రేడియో, చేతిలో పిల్లను పట్టుకుని నాంపల్లి స్టేషన్‌కు పరిగెత్తేవాళ్ళు.

1978 నవంబర్‌లో ఇంకో వింత జరిగింది. మీడియం వేవ్ స్టేషన్లు ఒకదాన్నొకటి రాసుకోకుండా తొమ్మిదేసి కిలోహెర్ట్‌జ్ ఎడంగా నిలబడాలని జెనీవాలో చాలా దేశాలు ఒప్పుకున్నాయి, ఆ ఒప్పందం అప్పుడు అమల్లోకి వచ్చింది. ఈనాటి హైదరాబాద్ 738ని తొమ్మిదితో భాగించి చూడండి, సరిగ్గా 82 వస్తుంది. 730కి అలా రాదు. ఎనిమిది కిలోహెర్ట్‌జ్ అంటే డయల్ మీద వెంట్రుకవాసి. కానీ అద్దం మీద గోళ్ళరంగు చుక్క పెట్టుకున్న ఇళ్ళలో ముల్లు చుక్క మీదుంటే స్టేషన్ సరిగ్గా పలకదు. సెట్టు చెడిపోయిందని తెచ్చేవాళ్ళు. చుక్క తుడిచి, పక్కన ఇంకో చుక్క పెట్టి ఇచ్చేవాళ్ళం.

అంతకు ఏడాది ముందే, 1977లో హైదరాబాదుకు దూరదర్శన్ వచ్చింది. ఆ తర్వాతి కథ అందరికీ తెలిసిందే, పొడిగించను. అరల్లో రేడియోలు తగ్గి టీవీలు వచ్చాయి, వాటి తర్వాత వీసీఆర్‌లు. ఉస్తాద్ టీవీ ముట్టుకోలేదు. ఆయన పోయాక దుకాణం నాది. 1990లలో నెలకొక రేడియో వస్తే ఎక్కువ. వచ్చినా పొద్దుటి పూటవే, సంస్కృత వార్తల్లో బలదేవానంద సాగర్, ఆ వెనకే ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు వినకపోతే పూజ సాగని ఇళ్ళవి.

గాలి తరంగాలు ప్రజల ఆస్తి, సర్కారు సొత్తు కాదని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. క్రికెట్ ప్రసారాల తగాదాలో పుట్టిన తీర్పు అది. దాని వెనక రెండు రకాల రేడియోలు వచ్చాయి. ఒకటి ప్రైవేటు ఎఫ్‌.ఎం., హైదరాబాదులో 2006 నుంచి ఆటోల నిండా అదే మోత. రెండోది చాలామందికి పట్టలేదు. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆడవాళ్ళు 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మొదలుపెట్టారు. నర్సమ్మ పేరున్న ఇద్దరు దళిత యువతులు నడిపారు. జొన్నలు, విత్తనాలు, పండుగ పాటలు, అన్నీ ఆ ఊళ్ళ మాటలోనే. చుట్టూ పాతిక కిలోమీటర్లు దాటి వినపడదు. దక్కన్ రేడియో మొదటి అడుగు కూడా అంతంత మాత్రమే. కానీ మహబూబ్ అలీ కాలంలో మైకు ముందు కూర్చునే అర్హత ఎవరికుండేదో, మాచనూరులో ఎవరు కూర్చున్నారో చూడండి. రేడియో చరిత్రలో నాకు వాట్ల పెరుగుదల కంటే ఇది పెద్ద పెరుగుదల.

ఆకాశవాణి కూడా ఊరుకోలేదు. ఎఫ్‌.ఎం. రెయిన్‌బో 101.9 మీద, వివిధ భారతి 102.8 మీద దిగాయి. మాట కాస్త ఇస్త్రీ మడత విప్పింది. ఫోన్లో ఆప్ వచ్చాక హైదరాబాద్ కేంద్రం అమెరికాలో కూడా వినపడుతోంది. షార్ట్‌వేవ్ మీద సిలోన్ పట్టడానికి డాబా మీద ఏరియల్ తీగ కట్టిన మాకు అది ఇప్పటికీ మాయగానే ఉంటుంది. 2023 ఏప్రిల్ 28న దేశమంతటా ఒకేసారి 91 చిన్న ఎఫ్‌.ఎం. ట్రాన్స్‌మిటర్లు మొదలయ్యాయి, ఒక్కొక్కటి 100 వాట్లు. చిరాగలీ గల్లీ దాంట్లో సగం! దేశ జనాభాలో 99 శాతానికి ఆకాశవాణి అందుతుందని సర్కారు లెక్క. అందడం వేరు, వినడం వేరు అని ఆ లెక్క చదివినప్పుడల్లా నాకు నోటి దాకా వస్తుంది.

మీడియం వేవ్ గతి మాత్రం బాగా లేదు. స్టేషన్ తప్పు కాదు, మన ఇళ్ళది. ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, ఇన్వర్టర్లు, ఇవన్నీ లోపల సెకనుకు వేలసార్లు ఆరి వెలుగుతూ గరగరలు పుట్టిస్తాయి. 738 మీద పెడితే ఆ గరగరే వినపడుతుంది. తాతగారి మర్ఫీ పట్టుకుని బాగు చేయమని వచ్చే కుర్రవాళ్ళకు ఇదే చెబుతాను. ఇంటికి పోయి చార్జర్లన్నీ పీకి, బల్బులు ఆర్పి, కిటికీ పక్కన పెట్టి వినండి అని. సగం మంది వినరు, లోపల బ్లూటూత్ పెట్టమంటారు. పెడతాను. గిరాకీ కదా.

కొత్త శ్రోతలు ఎవరంటే, ఈ మధ్య నాకు నాంపల్లిలోనే దొరికారు. పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఆఫీసు ఇక్కడే ఎం.జె. రోడ్డులో ఉంది. నోటిఫికేషన్ కోసమో, హాల్ టికెట్ తకరారు కోసమో, ధర్నా కోసమో పిల్లలు వస్తూనే ఉంటారు. చాయ్ బండి దగ్గర ఒక కుర్రవాడు చెవిలో తీగలు పెట్టుకుని చిన్న పుస్తకంలో గబగబా రాసుకుంటున్నాడు. ఏం పాట బేటా అంత రాసుకునేది అన్నాను.

"పాట కాదు చాచా, ఆకాశవాణి వార్తలు. కరెంట్ అఫైర్స్ దీంట్లకెల్లే వస్తయి."

"టీవీలో రావా?"

"టీవీల ఒక ముచ్చట కోసం గంట కొట్లాట చూడాలె. ఇండ్ల పది నిమిషాల్ల అయిపోతది."

ప్రైవేటు ఎఫ్‌.ఎం.లకు సొంతంగా వార్తలు చదివే అనుమతి ఇప్పటికీ లేదు. కావాలంటే ఆకాశవాణి బులెటిన్‌నే మార్చకుండా వేసుకోవాలి. అందుకని ఈ విషయంలో ఆకాశవాణికి పోటీ లేదు, అది కొంత అన్యాయమైన గెలుపే. అయినా ఈ కుర్రవాడు చెవిలో తీగ పెట్టుకుంది చట్టం చెప్పిందని కాదు. అరుపులు లేకుండా, మెల్లగా, రాసుకోవడానికి వీలుగా చదువుతారని. పక్కనున్న స్నేహితుడికి కూడా ఆప్ ఎక్కించాడట. హాస్టల్లో గదికొకరు వింటారట.

ఇంగ్లీషు వార్తల తర్వాత వచ్చే చర్చ తెలుగులో కూడా అంత వివరంగా ఉంటే బాగుండునన్నాడు. ఆ మాట వాళ్ళకే ఉత్తరం రాయి, సైఫాబాదు ఇక్కడికి నడిచిపోయేంత దూరం, ఉత్తరాలు చదవడానికి వాళ్ళకు వేరే కార్యక్రమమే ఉంటుంది అన్నాను. వాడు ఉత్తరమా అన్నట్టు చూసి, మెయిల్ పెడతా చాచా అన్నాడు. మెయిల్ అయినా పర్వాలేదు, తెలుగులో రాయి అన్నాను.